కల్యాణసుందరం సంతాపసభ

ఆ ఆదివారం పొద్దున తిలకవతి పెట్టుకున్న పని చాలా చిన్నది. ఇడ్లీలు ఉడికేలోగా కల్యాణసుందరం కొత్త నవల గురించి నాలుగు మంచి మాటలు రాసి, తమ తెలుగువాళ్ల సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. అంతే.

తుడియలూరులో ఒక పంపుల కంపెనీలో బిల్లులు రాసే తిలకవతికి కొత్త నవలలంటే ప్రాణం. చదివింది తమిళ బడిలోనే అయినా, పెళ్లయ్యాక పట్టుబట్టి తెలుగు అక్షరాలు నేర్చుకుంది. విజయవాడ నుంచి పుస్తకాలు తెప్పించుకుని చదివేది. తనూ ఒక నవల రాస్తోంది. వాడిపట్టిలో ఉండే కల్యాణసుందరం బస్సు కండక్టరుగా రిటైరై, తిరుప్పూరు బనియన్ కంపెనీల్లో పనిచేసే ఆడపిల్లల మీద ‘రంగునీళ్ల వీధి’ రాసి సొంతంగా అచ్చు వేయించుకున్నాడు. తిలకవతికి తెలిసినంతలో ఈ తమిళ సీమలో తెలుగు నవలలు రాసేవాళ్లు తామిద్దరే. అందుకని ఒకరి రాత ఒకరు చదువుకుని, ఒకరి భుజం ఒకరు తట్టుకునేవారు. “ఇదే ఆఖరమ్మా. దీన్నిగూడా ఎవురూ సదవకపోతే పేనా మూసిపెడతా” అని ఆయన ఫోన్లో అన్నప్పటి నుంచి ఆమె మనసు మనసులో లేదు.

ఆయన ఫోటో పుస్తకం వెనక అట్ట మీద నలుపు తెలుపులో ఉంది. దాన్నే ఫోన్లో తీసి, బోసిగా ఉందని చుట్టూ పూలు, పక్కన ఒక దీపం బొమ్మ పెట్టింది. కింద తెలుగులో తన అభిప్రాయం రాసింది. గ్రూపులో అందరూ ఇళ్లలో తెలుగే మాట్లాడతారు గానీ చదవడం దాదాపు ఎవరికీ రాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. కానీ తెలుగు నవలను తమిళంలో మెచ్చుకోవడానికి చెయ్యి రాలేదు. ఎవరో ఒకరు చదివి మిగతావాళ్లకు చెబుతారులే అనుకుంది.

ఇడ్లీలు దించేసరికి గ్రూపు నిండా జోడించిన చేతులు, ఏడుస్తున్న ముఖాలు. ఆఖరి అధ్యాయం గురించి తను రాసిన మాటలకే ఇంతమంది కదిలిపోయారా! తిలకవతికి ఒళ్లు పులకరించింది. ఇంతలో సంఘం అధ్యక్షుడు, మరో పంపుల ఫ్యాక్టరీ ఓనరు రత్నసభాపతి ఫోన్ చేశాడు.

“ఎప్పుడు అమ్మణీ?”

పుస్తకం ఎప్పుడు వచ్చిందని అడుగుతున్నాడనుకుంది. “బేస్తవారం అన్నా.”

“ఎట్ల?”

“మొదట్లో బాగుండె. పోగా పోగా రొంబ కష్టమయిపాయె. కడైసిలో నాకు ఏడుపు ఆగలేదు.”

“పావం. వాండ్ల ఇంట్లోవాండ్లు ఏమంటా ఉండారు?”

“వాండ్లా? ఒగురూ తిరిగిగూడా సూడలేదన్నా. బిడ్డలకు టైం లేదంట.”

రత్నసభాపతి గొంతు మారిపోయింది. “మన మనిషిని అట్ల వదిలిపెడితే సంఘానికే అవమానం. ఈ సాయంత్రమే అందర్నీ పిలిచి మన మండపంలో కూట్టం పెడతాము. ఆయన పుస్తకాలు ఉండేటివన్నీ తీసుకురా. ఇంటికొకటి ఇస్తాము.”

“నిజంగానా అన్నా? నాకు ఎంత సంతోసంగా ఉండాదో!”

 దుఃఖంలో మనిషి ఏదేదో అంటుందనుకుని ఆయన ఫోన్ పెట్టేశాడు.

తిలకవతి వెంటనే వాడిపట్టికి ఫోన్ చేసింది. “అన్నా, మీ నవలకు కూట్టం! బయలుదేరండి.”

“నేను మాట్లాడల్లనా?” అన్నాడు కల్యాణసుందరం, నమ్మలేనట్టు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని దొరికిన బస్సు ఎక్కేశాడు.

అమ్మిపెట్టమని ఆయన పంపిన పుస్తకాల కట్టతో సాయంత్రం ఆమె మండపం చేరింది. గుమ్మం మీద కల్యాణసుందరం నిలువెత్తు ఫ్లెక్సు. దాని మీద తమిళంలో పెద్ద అక్షరాలతో ‘కన్నీటి నివాళి’. లోపల ఫోటోకు సంపెంగల మాల, ముందు దీపం. పొద్దున ఫోటోకు తను పెట్టిన పూలు, దీపం తిలకవతికి అప్పుడు గుర్తొచ్చాయి. ఆయన బతికే ఉన్నాడని చెబుదామని రత్నసభాపతి దగ్గరికి పరిగెత్తింది గానీ ఆయన అప్పటికే మైకు పట్టుకున్నాడు.

“ఆయన రాసిన ఒగొక్క మాటా నా గుండెలో ఉండాది” అన్నాడు, ఒక్క అక్షరమైనా చదవని రత్నసభాపతి.

తర్వాత పాపమ్మాళ్ పెద్దమ్మ లేచింది. “ఆయన మొదటి పుస్తకం మా పూజ గదిలో ఉండాది. ఈనాటిదాకా తెరవలేదు. అంత మర్యాద!” అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. జనం ఒకరి తర్వాత ఒకరు వచ్చి పుస్తకాలు కళ్లకద్దుకుని తీసుకున్నారు. కట్ట మొత్తం ఖాళీ అయింది.

అప్పుడే కల్యాణసుందరం ఆటో దిగాడు. తిలకవతి ఎదురెళ్లి, ఆయన చెయ్యి పట్టుకుని గోడ పక్కకు లాగి, ఏడుస్తూ అంతా చెప్పింది.  ఆయన కిటికీలోంచి వినిపిస్తున్న పొగడ్తల వైపు చెవి తిప్పాడు.

“లోపలికిపోయి చెప్పేస్తానన్నా.”

“ఆగమ్మా. ఇంకొంచం సేపు నన్ను సచ్చే ఉండనీ.”

ఎక్కువసేపు ఉండనివ్వలేదు. నమిలిన తమలపాకు ఉమ్మడానికి బయటికి వచ్చిన పాపమ్మాళ్ ఆయన్ని చూసి పెట్టిన కేకకు మండపమంతా వాకిట్లోకి వచ్చింది. మొదట భయం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత కోపం.

“బతికి ఉండేటోడు ముందే ఒగ మాట చెప్పల్ల కదా?” అని రత్నసభాపతి గద్దించాడు. “ఫ్లెక్సు వేసినాము, మాల వేసినాము!”

బతికి ఉన్నందుకు కల్యాణసుందరం చేతులు జోడించి, తప్పయిపోయిందన్నాడు. వచ్చిన మనిషిని ఊరికే పంపేస్తే బాగుండదని ఆయనకు మైకు ఇచ్చారు. నవల మొదటి పేజీ చదవడం మొదలుపెట్టాడు. జనం సద్దుమణిగారు. వెనక వరసలో ఒక ముసలామె, “మా అవ్వ ఇట్లనే మాట్లాడతా ఉండె!” అని నవ్వింది. ఇంకొందరు ముందుకు వంగారు. తిలకవతి గుండె పైకి లేచింది. ఆయన పేజీ తిప్పేలోగా బోండాలు, టీ వచ్చాయి. రెండో పేజీ కుర్చీలు విన్నాయి.

వెళ్లేటప్పుడు ఒక్కొక్కరూ పుస్తకాన్ని తెచ్చి బల్ల మీద పెట్టారు. “అన్న ఉండనే ఉండారు కదా, మల్లా తీసుకుంటాములే” అన్నారు.

కట్ట కడుతూంటే ఒక పుస్తకం తగ్గింది. కల్యాణసుందరం ముఖం వెలిగింది. “ఎవురో తీసుకుపోయినారమ్మా! ఒగురు సదివినా సాలు. ఇంటికిపోతూనే ఇంగొకటి మొదలుపెడతా.”

తిలకవతి గ్లాసు పెట్టడానికి టీ బల్ల దగ్గరికి వెళ్లింది. బల్ల పొట్టికాలి కింద, ఎత్తుకు సరిగ్గా సరిపోయి, ‘రంగునీళ్ల వీధి’ ఉంది. ఆమె దాన్ని తీయలేదు. వచ్చి కట్టకు ముడి వేసింది.

“నిజం చెప్పమ్మా” అన్నాడు కల్యాణసుందరం చొక్కా సర్దుకుంటూ. “ఈ నవల నిలబడతాదా?”

“నిలబడి ఉండాదన్నా. నా కండ్లారా సూసినా.”