గోడకు రెండు పూతలు

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోగా బడిలో ఒక గదికి తెల్లరంగు వేయాలి, సాయంత్రం బడి నడిపే పెద్ద టీచరుకు చూపించాలి. సేవా, చదువూ రెండూ కలిసొస్తాయని కాలేజీవాళ్ళు గుప్పెడుమంది విద్యార్థులను ఆఫ్రికా దక్షిణపు కొసకు పంపారు. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే ముసురు. ఆ ముసురులో అందరికంటే ముందు లేచింది లీడరమ్మ. అజమాయిషీ ఎక్కువని తోటివాళ్ళు పెట్టిన పేరది. నిజానికి ఆమెది అజమాయిషీ కాదు, దిగులు. అమ్మ కన్నుమూసిన రోజున తాను హాస్టల్లో పరీక్షకు చదువుకుంటూ కూర్చుంది. ఎవరికీ ఏ పనికీ రాలేదన్న బాధ అప్పటినుంచీ ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఇక్కడైనా ఒక్కరికి పనికొస్తే చాలనుకుంది.

పిల్లలను బయటికి పంపి చూస్తే గోడలు బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. దాని నడుమ చాలా మేర మసిపట్టినట్టు నల్లగా ఉంది. పైనుంచి కింది దాకా తెలియని భాషలో సుద్దరాతలు.

"ఎంత అల్లరి పిల్లలో చూడండి! గోడంతా పాడుచేసి పెట్టారు," అంది లీడరమ్మ.

"ముందు దీని సంగతే చూద్దాం," అన్నాడు నిచ్చెన అక్కర్లేని పొడుగోడు.

కాలేజీలో తెర మీద కదిలే పాఠాలే తప్ప, గోడకే నల్లరంగు పూసి బోర్డుగా వాడతారని వాళ్ళకేం తెలుసు, పాపం!

సగం కొట్టేసరికి పిల్లలు కిటికీల దగ్గర మూగి చేతులూపుతూ కేకలు పెట్టారు.

"ఎంత సంబరపడిపోతున్నారో!" అంది లీడరమ్మ. కళ్ళు చెమర్చాయి. తానూ చేయి ఊపి, రెండో పూత కూడా వేయించింది.

అంతలో పెద్ద టీచరు పరుగున వచ్చి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

"అయ్యో తల్లీ! అది బోర్డమ్మా! రేపు చరిత్ర పరీక్ష. పుస్తకాల్లేని పిల్లలు కదా అని వారమంతా కూర్చుని పాఠం మొత్తం రాశాను!"

"ఇంకా ఆరలేదుగా, తుడిచేద్దాం," అని పొడుగోడు రంగు కరిగించే థిన్నర్ డబ్బా ఒంపాడు. రంగుతో పాటు సుద్దా, సుద్దతో పాటు నలుపూ, నలుపుతో పాటు గోడ పెచ్చులూ ఊడొచ్చాయి. ఆ ఘాటుకు నిలవలేక బల్లలన్నీ బయట పెడితే వాన జోరందుకుంది. బల్లల్లో పిల్లల సంచులున్నాయన్న సంగతి అవి తడిసి ముద్దయ్యాక తెలిసింది.

"చాలు నాయనా! దయచేసి ఇంకేమీ ముట్టుకోకండి," అంది పెద్ద టీచరు.

లీడరమ్మ వరండా మూల కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. "నేను చేయి పెడితే ఏదీ బాగుపడదు. ఆ పిల్లలు రేపు తప్పితే నా వల్లే!"

"ఊరుకోవే," అంది స్నేహితురాలు.

పెద్ద టీచరు పిల్లలను వరండాలోనే కూర్చోబెట్టి, చెరిగిపోయిన పాఠంలో ఎవరికి గుర్తున్నది వాళ్ళను చెప్పమంది. ఒకడు ఒక వాక్యం చెబితే, ఇంకో పిల్ల దానికి ముందు మరోటుందని ఎగిరింది. అరుచుకుని, దెబ్బలాడుకుని, ముందువెనకలు సరిచేసుకుని, పొద్దుగూకేసరికి మొత్తం పాఠం అప్పజెప్పారు. మర్నాడు పరీక్ష రాసి నవ్వుతూ బయటికొచ్చారు.

లీడరమ్మ తలొంచుకుని క్షమాపణ చెప్పబోతే పెద్ద టీచరు ఆపేసింది.

"వారం నుంచి గొంతు చించుకున్నా ఒక్కరూ దాని వంక చూడలేదమ్మా. గోడ మీదే ఉందిలే అని ధీమా! నువ్వు చెరిపేశాక గాని బుర్రకెక్కలేదు. పక్కగదిలో లెక్కల బోర్డుంది, పరీక్ష వచ్చే వారమే. వెళ్ళేలోగా దానికీ ఒక పూత కొట్టి వెళ్ళు."