గాలి కోసం జరిపిన బీరువా

ఆ రోజు ఉదయం సాముయేలు వేసుకున్న పథకం చాలా చిన్నది. కిటికీకి అడ్డంగా ఉన్న బీరువాను ఎదురుగోడకు జరపాలి. పదకొండింటికి పట్నం నుంచి పెద్దాఫీసరు వచ్చేలోగా గదిలోకి గాలీ వెలుతురూ రావాలి. అంతకుమించి ఆయనకు ఏ దురుద్దేశమూ లేదు.

చేవెళ్లలోని ఆ విత్తనాల ఆఫీసుకు సాముయేలు హెడ్ క్లర్కు. ఉన్న ఒక్క గదికి ఉన్న ఒక్క కిటికీని ఏ మహానుభావుడో నిజాం కాలంలోనే బీరువాతో మూసేశాడు. ఆ చీకట్లో పట్టపగలు లాంతరు వెలిగించుకొని, నుదుటికి తడిగుడ్డ కట్టుకొని టైపు కొట్టేది విమలమ్మ. తలనొప్పి భరించలేక బదిలీకి దరఖాస్తు పెట్టుకుంది. ఇవాళ ఆఫీసరు దాని మీద సంతకం పెడితే ఆమె వెళ్లిపోతుంది. ఆ తర్వాత టైపు మిషను ముట్టుకోవడం తెలిసిన ప్రాణి ఆ ఆఫీసులో ఉండదు. సాముయేలుకు ఆమె మీద జాలి ఉన్న మాట నిజమే. తన మీద జాలి అంతకన్నా కొంచెం ఎక్కువ.

"గాలి మంచిగ ఆడితే తలనొప్పి ఉండదు విమలమ్మా. జర ఒక్క పూట ఓపిక పట్టు," అన్నాడు.

"నాలుగేండ్ల సంది పడుతున్న సార్. గాలొస్తే ఆ దరఖాస్తు నేనే చింపేస్త," అన్నది విమలమ్మ.

ఆ మాట చాలు. అటెండరు అంజయ్యను పిలిచి, చొక్కా చేతులు పైకి మడిచాడు. బల్లలు, కుర్చీలు, విత్తనాల సంచులు ముంగిట్లోకి చేరాయి. బీరువాను తిప్పడానికి చోటు చాలక వాకిలి దాటించి అరుగు మీదికి తెచ్చారు. అక్కడా నిలవలేదు, ఒక పక్కకు ఒరిగింది. సరిగ్గా అప్పుడే జొన్న విత్తనాలకని వచ్చిన సురంగల్ జంగయ్య ఎడ్లబండి అరుగుకు ఆనుకొని ఆగింది.

"జంగయ్యా, జరసేపు దీన్ని నీ బండి మీద ఉండనియ్యి. గది ఊడ్వంగనే తీసుకుంటం," అన్నాడు సాముయేలు.

"ఉండనియ్యి సారూ, ఫికర్ లేదు," అన్నాడు జంగయ్య. అన్నాడే గానీ ఆలోచనలో పడ్డాడు. సురంగల్ మొయినాబాద్ పక్క ఊరు. విత్తనాల కోసం చేవెళ్ల దాకా తిరగలేక, ఆఫీసును మొయినాబాద్‌కు మార్చమని అక్కడి రైతులు అర్జీ పెట్టి ఏడాదైంది. ఇప్పుడు చూస్తే సామానంతా బయట ఉంది, బీరువా తన బండి మీద ఉంది. అడిగితే సారుకు ఇబ్బందేమోనని అడగలేదు. పట్నం బస్సు ఆగినప్పుడు మాత్రం కండక్టరుతో గట్టిగానే చెప్పాడు.

"అన్నా, మొయినాబాద్ల మా ఎంకయ్యకు చెప్పు. ఆఫీసొస్తున్నదని."

అది అరవై తొమ్మిది ఎండాకాలం. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదలయ్యాక బడులు మూతపడి, రోడ్ల మీద బైఠాయించడం జనానికి బాగా అలవాటైంది. ఆ రోజు ఏ పిలుపూ రాక అందరికీ పొద్దు గడవడం లేదు. బస్సు దగ్గరి మాట హోటల్లో పడింది. పది నిమిషాల్లో శకుంతలమ్మ నలభై మందిని వెంటేసుకొని వచ్చింది. ఊళ్లో పెద్ద రైతు ఆమె. సభలో మైకు చేతికిస్తే తిరిగి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. సాముయేలు కుర్చీనే లాక్కొని బండిచక్రానికి అడ్డంగా వేసుకొని కూర్చుంది.

"అమ్మా, గాలి కోసం తీసినం," అన్నాడు సాముయేలు.

"చేవెళ్లల గాలి లేదా? గాలి కోసం మొయినాబాద్ పోవాల్నా?"

"మొయినాబాద్ ఎవరు పోతున్నరు? దేవుని తోడు, ఎదురుగోడ దాక పోతున్నం."

"ఎదురుగోడకు పోతందుకు బండి ఎందుకయ్యా?" అన్నది శకుంతలమ్మ. దానికి సాముయేలు దగ్గర జవాబు ఉంది, కానీ వినడానికి ఎవరూ లేరు. జనం బల్లల మీద, సంచుల మీద సర్దుకొని నినాదాలు మొదలుపెట్టారు. ఎవరో ఎడ్లను విప్పి నీళ్లకు తోలుకెళ్లారు.

మధ్యాహ్నం బస్సులో మొయినాబాద్ ఎంకయ్య దిగాడు, ఇరవై మందితో, డప్పుతో. దిగుతూనే సాముయేలు మెడలో బంతిపూల దండ వేశాడు.

"నాలుగు కిటికీల ఇల్లు చూసి పెట్టినం సారూ. కిరాయి గూడ వద్దు."

నాలుగు కిటికీలు అనేసరికి సాముయేలు ముఖం ఒక్క క్షణం వెలిగింది. పాపం, అది మనిషి చేతిలో ఉండే పని కాదు. శకుంతలమ్మ అది చూసింది. నినాదాల్లో సాముయేలు పేరు కూడా చేరింది.

పదకొండింటికి రావాల్సిన ఆఫీసరు జీపు ఆలస్యంగా ఆ బస్సు వెనకే వచ్చి ఆగింది. సర్కారు సామాను వీధిలో ఉంది, రెండు ఊళ్లు కొట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాయి, హెడ్ క్లర్కు మెడలో దండ ఉంది. "నిన్ను సస్పెండ్ చేస్తున్న," అన్నాడు ఆఫీసరు. ఆ మాట పూర్తయ్యేలోపే జనం జీపు చుట్టూ మూగారు. కిందటి వారం ఇంకో ఊళ్లో ఇలాగే మూగి ఆయన జీపు టైర్ల గాలి తీశారు. ఆయన గొంతు వెంటనే మెత్తబడింది.

"మీకేం కావాలమ్మా?"

"ఆఫీసు కదలదని రాసియ్యి," అన్నది శకుంతలమ్మ.

విమలమ్మ అరుగు మీద మిషను పెట్టుకొని కూర్చుంది. ఆఫీసరు చెబుతుంటే టైపు చేసింది: ప్రభుత్వ అనుమతి లేనిదే ఈ ఆఫీసులోని ఏ వస్తువునూ ఉన్న చోటు నుంచి కదపరాదు.

"మనుషులను గూడ," అన్నది శకుంతలమ్మ. "మొదలు మనుషులను పంపిస్తరు. ఎనుకనే బీరువా పోతది."

విమలమ్మ వేళ్లు ఆగాయి. సాముయేలు వంక ఒకసారి చూసి, ఆ మాట కూడా కొట్టింది. ఆఫీసరు సంతకం చేసి, సంచిలోంచి ఆమె దరఖాస్తు తీసి చింపి, సస్పెన్షన్ సంగతే మరిచిపోయి జీపెక్కాడు. ఎంకయ్య దండ వెనక్కి తీసుకొని బస్సు కోసం నిలబడ్డాడు.

జనం జేజేలు కొడుతూ సామానంతా లోపలికి చేర్చారు. నేల మీద బీరువా కాళ్ల గుర్తులు వెతికి, వేలెడు కూడా అటూ ఇటూ కాకుండా కిటికీకి అడ్డంగానే నిలబెట్టారు. శకుంతలమ్మ దగ్గరుండి చూసుకుంది.

సాముయేలు కోరుకున్నది జరిగింది. టైపిస్టు ఎక్కడికీ వెళ్లదు. అయినా ఆమె ముఖం చూడటానికి ఆయనకు సిగ్గేసింది. విమలమ్మే వచ్చి బల్ల మీద ఒక కాగితం పెట్టింది.

"బదిలీ వద్దని రాసిన్రు సార్. సెలవు వద్దని రాయలే. తలనొప్పికి దవాఖానల చూపించుకుంట. ఆరు నెలలు."

మర్నాడు సాముయేలు జీవితంలో మొదటిసారి టైపు మిషను ముందు కూర్చున్నాడు. ఆమెకు సెలవు మంజూరు చేసే మూడు వాక్యాల ఉత్తర్వు సాయంత్రానికి పూర్తయింది.