వెర్లిన్ పరవని పక్క

గురువారం పొద్దున్న కాఫీ కప్పు కింద పెట్టకముందే టిన్‌మిల్క్ తన ప్రణాళిక ప్రకటించాడు. శుక్రవారం కొండ మీద గ్రాండ్ ఎటాంగ్ సరస్సు, కోతులు, చల్లగాలి. శనివారం ఉత్తరాన సోటీర్స్ దగ్గర సముద్రస్నానం. ఆదివారం పడవెక్కి కారియాకూ దీవి. విమానాలెక్కి గ్రెనడా చూడ్డానికొచ్చే తెల్లవాళ్లు కూడా మూడు రోజుల్లో ఇన్ని రకాలు చూడలేరని అతని నమ్మకం. ఈ దీవిలోనే పుట్టి యాభై దాటినా, ఆ సరస్సును అతను బస్సు కిటికీలోంచి తప్ప చూడలేదు. మా గ్వావ్ ఊళ్లో అందరి సంగతీ అంతే. అందమైన చోట్లన్నీ టూరిస్టులకు వదిలేసి, వీళ్లు ఏం చూసి ఇంత మురిసిపోతున్నారా అని మేం టూరిస్టులను చూస్తూ ఉంటాం.

"బానే ఉంది. రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటాం?" అంది అతని భార్య వెర్లిన్.

"దానికేం? సరస్సు దారిలో మా తమ్ముడు గాడ్‌ఫ్రీ ఇల్లుంది. సోటీర్స్‌లో మీ అక్క ఇస్మే ఇల్లు సముద్రం పక్కనే. కారియాకూలో ఫెర్డినాండ్ మావయ్య ఉండనే ఉన్నాడు. తిండికి తిండి, పక్కకి పక్క."

"పొద్దున్న లేచి ఆ పక్క ఎవరు సర్దుతారు?"

"ఎవరేంటి? పడుకున్నవాళ్లే."

"అదిగో, అందుకే వద్దంటున్నా."

వెర్లిన్ పద్నాలుగేళ్లుగా గ్రాండ్ ఆన్స్ బీచి మీద ఒక పెద్ద హోటల్లో గదులు సర్దుతోంది. దుప్పటి మడత పడకుండా లాగడం, దిండు మీద మందారప్పువ్వు పెట్టడం, తువ్వాలుని హంసలా మడవడం ఆమె పని. ఆ హంసని ఎవరో వచ్చి ఒక్క నిమిషంలో విప్పి ఒళ్లు తుడుచుకుంటారు. మర్నాడు మళ్లీ హంస. ఇన్నేళ్లలో ఆ పక్కల మీద ఆమె ఒక్కసారీ కూర్చోలేదు. కూర్చుంటే ఉద్యోగం ఊడుతుంది.

"నేను పరవని పక్క మీద నేను పడుకోవాలి. పొద్దున్న దాన్ని ఎలా ఉన్నదాన్ని అలా వదిలేసి లేవాలి. ఒక్క రాత్రి చాలు. ఇరవై అయిదేళ్ల కాపురానికి నిన్ను ఇంకేం అడగడం లేదు" అంది.

టిన్‌మిల్క్ జాజికాయల కొనుగోలు కేంద్రంలో తూకం వేస్తాడు. త్రాసు ముల్లు ఎటూ మొగ్గకుండా నిలపడంలో ఎంత ఘనుడో, మాట ఎటూ మొగ్గకుండా నిలపడంలోనూ అంతే ఘనుడు. "టౌనుకెళ్లి ఏర్పాట్లన్నీ చేసొస్తాగా!" అన్నాడు. ఏర్పాట్లంటే హోటల్ గదే అనుకుంది పిచ్చిది. మొగుడు బస్సెక్కగానే పాట పాడుకుంటూ పెట్టె సర్దడం మొదలుపెట్టింది.

అతని ఏర్పాటు వేరు. చుట్టాలకు ఫోన్ చేసి వస్తున్నామంటే ఒకడి ఇల్లు కారుతూ ఉంటుంది, ఇంకొకడి బిడ్డకు జ్వరం వస్తుంది. అదే రేడియోలో చెప్పిస్తే? దీవి మొత్తం విన్నాక ఇల్లు కారుతోందని అనగల మగాడెవడు? ఈ ఆలోచన వచ్చినందుకు బస్సులో తన భుజం తనే తట్టుకున్నాడు. ఫోను ఇంట్లో మర్చిపోయిన సంగతి మాత్రం గమనించలేదు.

రేడియో స్టేషన్లో ప్రకటనలు రాసుకునే బల్ల వెనక ఒక అమ్మాయి కూర్చుని ఉంది.

"మరణమా అండీ?"

"కాదమ్మా, విహారం."

"విహారాలూ, తప్పిపోయిన మేకలూ మధ్యాహ్నం రెండు గంటలకండీ."

"అప్పుడు ఎవరు వింటారు?"

"ఎవరూ వినరండీ" అంది ఆ అమ్మాయి నిజాయితీగా.

"మరి చావు కబుర్లు?"

"పన్నెండున్నరకి. అందరూ వింటారు."

"అయితే నాది వాటి చివర్న తగిలించు."

"దానికో పద్ధతుందండీ. ముందు అసలు పేరు, తర్వాత ఊళ్లో పిలిచే పేరు, భార్య, అన్నదమ్ములు, బంధువులు. అవన్నీ అయ్యాకే విషయం."

"నాక్కావలసిందీ అదేగా! బంధువుల్లో ఒక్కణ్ణీ వదలకు."

"వెనకాల చర్చి ఆర్గన్ సంగీతం కూడా వస్తుందండీ."

"దానికి వేరే డబ్బులా?"

"లేదండీ."

"అయితే రానియ్యి."

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర మనిషికి నామకరణం రోజున పెట్టిన పేరు మళ్లీ బయటికొచ్చేది చావు కబురులోనే. మధ్యలో బతికినన్నాళ్లూ అతను టిన్‌మిల్కో, ఎండుచేపో, దొరబాబో అయి ఉంటాడు. కాబట్టి రేడియోలో ఎవరో తెలియని మర్యాదస్తుడి పేరు వచ్చి, దాని వెనకే తెలిసిన పేరు వచ్చిందంటే మేం ఇంక మిగతాది వినం. గుండెలు బాదుకోవడం మొదలుపెడతాం. పైగా చదివేది అలోషియస్ గారు. ఆయన వాతావరణం చదివినా ఎవరో ఒకరు కళ్లు ఒత్తుకుంటారు.

"గ్వావ్ వాస్తవ్యులు ఆల్బన్ మోదెస్త్" అన్నారు అలోషియస్ గారు ఆర్గన్ నడుమ. "టిన్‌మిల్క్‌గా అందరికీ సుపరిచితులు. వెర్లిన్ భర్త. గాడ్‌ఫ్రీకి అన్న. సోటీర్స్‌లోని ఇస్మేకి మరిది. కారియాకూలోని ఫెర్డినాండ్‌కి మేనల్లుడు. బ్రూక్లిన్, టొరంటో బంధువులకు ఆత్మీయుడు..."

శుక్రవారం నుంచి మూడు రోజులు వీరు సతీసమేతంగా విహారయాత్రకు వస్తున్నారనీ, ఎక్కడివారక్కడ భోజనాలు సిద్ధం చేయాలనీ కూడా ఆయన స్పష్టంగానే చదివారు. అప్పటికి దీవిలో సగం మంది ఏడుస్తున్నారు. మిగతా సగం వాళ్లను ఓదారుస్తున్నారు. ఆ గోలలో శుక్రవారం, భోజనాలు అన్న రెండు మాటలు మాత్రం కొందరి చెవిన పడ్డాయి. ఖననం శుక్రవారమనీ, తర్వాత భోజనాలున్నాయనీ తేల్చేశారు.

టిన్‌మిల్క్ ఆ సమయానికి టౌను బజారులో గడ్డిటోపీ కొంటూ ఉన్నాడు. కొట్టు రేడియోలో తన పేరు విని ఛాతీ పొంగించాడు.

"అయ్యో పాపం, ఎంత మంది చుట్టాలో!" అంది కొట్టామె ముక్కు చీదుతూ.

"అవునమ్మా, అందరూ మంచి భోజనం పెట్టేవాళ్లే" అన్నాడు. ఆమె ఎందుకు ఏడుస్తోందో అతనికి పట్టలేదు, టోపీ ధర తగ్గించింది కదా. ఆ ఊపులో పువ్వుల చొక్కా, నల్లకళ్లద్దాలు కూడా కొన్నాడు. టూరిస్టులా కనబడకపోతే విహారానికి వచ్చామంటే ఎవడు నమ్ముతాడు?

ఇక్కడ గ్వావ్‌లో పక్కింటి ఒలీవ్ పిన్ని జుట్టు విరబోసుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఏమే వెర్లిన్, నాకు చెప్పకుండా రేడియోకి చెప్తావా? గోడ పక్క మనిషిని! నేను రేడియోలో వినాలా?"

"ఏంటి పిన్నీ?"

"నీ మొగుడు చచ్చిపోయాడే!"

"పొద్దున్నేగా టౌనుకెళ్లాడు!"

"టౌనులో చావకూడదని రూలేమన్నా ఉందా? అసలు పేరుతో సహా చదివారే తల్లీ!"

వెర్లిన్ మొగుడికి ఫోన్ చేసింది. ఆ ఫోను వంటింటి బల్ల మీద మోగింది. అంతే, నేల మీద కూలబడి ఏడ్చింది. అతని పిసినారితనం, అతని ప్రణాళికలు, జాజికాయల వాసన వేసే అతని చొక్కాలు అన్నీ తలుచుకుని ఏడ్చింది. ఆ గంటసేపు ఆమెకు హోటల్ గది గుర్తుకైనా రాలేదు. ఇది చెప్పకపోతే ఆమెకు అన్యాయం చేసినవాణ్ణవుతాను.

ఒలీవ్ పిన్ని చావింటి పనుల్లో సేనాపతి. వెర్లిన్ కళ్లు తుడుచుకునేలోగా రొట్టెలకు కబురెళ్లింది, పొయ్యి మీదకి కాఫీ ఎక్కింది, వీధిలోకి బల్లలొచ్చాయి. వెర్లిన్‌కి ఎవరో నల్లగౌను తొడిగారు. చావింట్లో రాత్రంతా మేలుకునే జాగారానికి డామినో ఆటగాళ్లు ముందే వచ్చి మంచి చోట్లు పట్టుకున్నారు.

టిన్‌మిల్క్ కొత్త వేషంతోనే బస్సు దిగి ఇంటి ముందు జనాన్ని చూశాడు. ఇంట్లో ఉన్నది వెర్లిన్ ఒక్కతే. గేటు దగ్గర నిలబడ్డ చేపల వ్యాపారిని అడిగాడు.

"ఎవరండీ... ఎవరు?"

"టూరిస్టు బాబూ, ఫొటోలు తర్వాత. ముందు ఆ టోపీ తియ్యి. చావింటికొచ్చావ్."

"ఎవరు చనిపోయారంటే చెప్పవేం?"

"మా టిన్‌మిల్క్. మంచివాడని అనలేను గానీ మావాడు."

"మంచివాడు కాదా?"

"చెయ్యి కాస్త బిగుతు. చనిపోయినవాళ్లను తిట్టకూడదని కాస్త అంటున్నా."

"ఒరేయ్, నేనేరా టిన్‌మిల్క్‌ని!" అని నల్లకళ్లద్దాలు పీకేశాడు.

చేపల వ్యాపారి కెవ్వుమన్నాడు. ఒలీవ్ పిన్ని సిలువ గీసుకుంది. వెర్లిన్ జనాన్ని తోసుకుంటూ వచ్చి మొగుణ్ణి గట్టిగా వాటేసుకుంది. పువ్వుల చొక్కా తడిసిపోయేదాకా వదల్లేదు.

"బతికే ఉన్నావా! మరి రేడియోలో ఎందుకొచ్చింది నీ పేరు?"

"ఏర్పాట్లు చేసొస్తానన్నానుగా" అన్నాడు టిన్‌మిల్క్, ఆ కౌగిలిలో కాస్త ధైర్యం తెచ్చుకుని. రేడియో సంగతంతా విడమర్చి చెప్పాడు. చుట్టాలు తప్పించుకోకుండా తను పన్నిన ఎత్తు దగ్గర నవ్వాడు కూడా. వెర్లిన్ చేతులు నెమ్మదిగా వదులయ్యాయి.

"అయితే హోటల్ గది?"

"హోటల్ గదేంటి?"

వెర్లిన్ ఒక అడుగు వెనక్కి వేసింది. "ఆల్బన్!" అంది.

రేడియోలో ఆ పేరు విని పొంగిపోయినవాడికి ఇప్పుడు అదే పేరు వింటే భయం వేసింది.

"ఒరే టిన్‌మిల్క్, బతికున్నందుకు సంతోషమే" అంది ఒలీవ్ పిన్ని మధ్యలో దూరి. ఆ సంతోషం మొహంలో అంతగా లేదు. "మరి ఇన్ని రొట్టెలేం చెయ్యను? జాగారానికి వచ్చినవాళ్లను ఖాళీ కడుపుతో పంపితే ఇంటికి కీడురా. శవం ఉన్నా లేకపోయినా పద్ధతి పద్ధతే."

ఆ మాట పూర్తవుతుండగానే కొండ మీంచి గాడ్‌ఫ్రీ లారీ వచ్చింది, వెనక భార్యాపిల్లలతో. దాని వెనక సోటీర్స్ నుంచి ఇస్మే బస్సు, చర్చిలో పాటలు పాడేవాళ్లందరితో. సాయంత్రం పడవకి ఫెర్డినాండ్ మావయ్య కారియాకూ నుంచి ఇంటిల్లిపాదితో దిగాడు. ప్రతివాళ్లూ ముందు ఏడ్చారు, తర్వాత టిన్‌మిల్క్‌ని చూసి అదిరిపడ్డారు, తర్వాత ఆకలేస్తోందన్నారు.

"వదినా, నేను బతికే ఉన్నానుగా. ఇంక వెళ్లొచ్చుగా?" అన్నాడు టిన్‌మిల్క్ ఇస్మేతో, వీలైనంత మెత్తగా.

"ఎలా వెళ్తాం మరిదీ? మూడో రోజు ప్రార్థనయ్యాక రమ్మని బస్సువాడికి చెప్పి పంపించేశాంగా. ఇంటికి తాళం కూడా పెట్టొచ్చా. ఇంతకీ గుండిగలో ఏం వేస్తున్నారు?"

చుట్టాల ఇళ్లలో మూడు రోజులు తిందామనుకున్నవాడి ఇంట్లో ఆ చుట్టాలందరూ మూడు రోజుల మకాం పెట్టారు. పొయ్యి మీదకి పెద్ద గుండిగ ఎక్కింది. సీమపనసకాయలు, ఉప్పుమాంసం వేసి, కొబ్బరిపాలు పోసి ఆయిల్‌డౌన్ వండడం మొదలైంది. కొబ్బరికాయలు కోరే పని చచ్చినవాడికే అప్పగించింది ఒలీవ్ పిన్ని. ఇంట్లో వెర్లిన్ అల్మారా తెరిచి దుప్పట్లు బయటికి తీసింది. గాడ్‌ఫ్రీ పిల్లలకి, ఇస్మేకి, పాటలవాళ్లకి, మావయ్య మోకాళ్ల నొప్పులకి, ఎన్ని పక్కలు పరవాలో లెక్క కట్టబోయి మధ్యలో ఆపేసింది. దుప్పట్ల గుట్ట ముందు నల్లగౌనులో అలాగే నిలబడిపోయింది. ఈసారి ఏడుపు కూడా రాలేదు.

అప్పుడే గేటు ముందు ఒక తెల్లకారు ఆగింది. వెర్లిన్ పనిచేసే హోటల్ కారు. డ్రైవరు దిగి టోపీ చేతిలోకి తీసుకున్నాడు.

"వెర్లిన్ అమ్మా, రేడియోలో విన్నాం. ఈ దుఃఖంలో మీరు ఇంట్లో ఉండకూడదని మేనేజరమ్మ అన్నారు. సముద్రం వైపు గది తయారు చేయించారు. మూడు రోజులు ఎవరూ తలుపు కూడా తట్టరు. పక్క మేమే పరిచాం, హంసతో సహా."

టిన్‌మిల్క్ కొబ్బరి కోరాముతో పరిగెత్తుకొచ్చాడు. "నేను బతికే ఉన్నానయ్యా!"

డ్రైవరు అతణ్ణి తల నుంచి కాళ్లదాకా చూశాడు. "అమ్మగారిని తీసుకురమ్మన్నారు. అయ్యగారి సంగతి కనుక్కుని రమ్మని నాకెవరూ చెప్పలేదండీ."

వెర్లిన్ పొద్దున్న సర్దిన పెట్టె తెచ్చుకుని కారెక్కింది.

"వెర్లిన్! నేను బతికున్నానని వాళ్లకి చెప్పవా?"

"సోమవారం డ్యూటీకెళ్లినప్పుడు చెప్తాలే."

"మరి ఇంతమందికి పక్కలెవరు పరుస్తారే?"

"ఎవరేంటి?" అంది వెర్లిన్ కారు అద్దం ఎత్తుతూ. "పడుకునేవాళ్లే."

మర్నాడు బ్రూక్లిన్ చుట్టం ఒకడు విమానం టిక్కెట్టు కొంటున్నాడని కబురొచ్చేసరికి టిన్‌మిల్క్ హడలిపోయి రేడియో స్టేషన్‌కి ఫోన్ చేశాడు. తను చావలేదని పన్నెండున్నరకి చదవమని బతిమాలాడు.

"చచ్చినవాళ్లకేనండీ పన్నెండున్నర" అంది ఆ అమ్మాయి. "బతికున్నవాళ్లకి రెండు గంటలు. తప్పిపోయిన మేకల తర్వాత."

సవరణ శనివారం రెండు గంటలకి వచ్చింది. గ్వావ్‌లో అందరూ భోజనాల హడావుడిలో ఉన్నారు. గ్రాండ్ ఆన్స్‌లో వెర్లిన్ గదిలో కూడా ఒక రేడియో ఉంది గానీ, దాన్ని పెట్టాలంటే పక్క మీంచి లేవాలి.