ఒకటో నంబరు మంచం

ఆపరేషన్ థియేటర్ తలుపు ముందు ట్రాలీ ఆగిపోయింది. ట్రాలీ మీద బస్సు డ్రైవర్. గుండెకు వెళ్లే రక్తనాళాలు మూడు పూడుకుపోయాయి. ఛాతీ గొరిగేశారు, పచ్చ గౌను తొడిగేశారు. అంతా సిద్ధం. గోడ మీది తెరలో మాత్రం ఎర్రగా నలభై నాలుగు!

ఎంత అదృష్టవంతుడో చూశారా?

పాత రోజుల్లో అయితే డాక్టరు మంచం పక్కన కూర్చుని, నాడి పట్టుకుని, గుండె చప్పుడు విని, కాసేపు గడ్డం గోక్కుని, "సరే, చేద్దాం" అనేవాడు. ఎంత టైమ్ వేస్టు! పైగా రోగిని ముట్టుకోవాలి, పెళ్లాం గోడు వినాలి. ఇప్పుడా పీడ విరగడైంది. ఆరేళ్లలో ఆ ఆసుపత్రిలో బైపాస్ చేయించుకున్న నాలుగు వేల మంది ఫైళ్లు మింగిన మిషన్ వచ్చింది. ఎవరు బతికారో, ఎవరు పోయారో దానికి కంఠోపాఠం. కొత్త రోగి వివరాలు పడేస్తే చాలు, పోయే అవకాశం నూటికి ఎంతో చెప్పేస్తుంది. ముప్పై దాటితే ఎర్ర లైటు. ఎర్ర లైటు వెలిగితే ఎవరూ కత్తి పట్టరు. వార్డులో దాని ముద్దుపేరు చిత్రగుప్తుడు.

"మాత్రలు రాస్తాను, ఇంటికి తీసుకెళ్లండి," అన్నారు పెద్ద డాక్టరుగారు, తెర మీంచి చూపు తిప్పకుండా.

పక్కనే నిలబడ్డ డ్రైవర్ భార్య మొగుడి వంక చూసింది. నాలుగు మెట్లెక్కితే ఆయన పెదాలు నల్లబడుతున్నాయి. మాత్రలతో ఎన్నాళ్లు లాక్కొస్తుంది? కానీ ఆవిడ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్. ఇరవై రెండేళ్లుగా దొంగనిద్రలు పోయేవాళ్లను లేపి మరీ పట్టుకున్న మనిషి. గొంతు సవరించుకుంది.

"నిన్న పొద్దున ఎంత చూపించింది సార్?"

"ఆరు."

"ఇవాళ నలభై నాలుగా? ఒక్కరోజులో మా ఆయన ఏం వెలగబెట్టాడట?"

"అదేనమ్మా దాని గొప్పతనం! మన కంటికి ఆననివి దానికి కనిపిస్తాయి."

ఆహా, ఏం వినయం! ముప్పై ఏళ్లు గుండెలు చక్కబెట్టిన పెద్దమనిషి, నిన్నగాక మొన్న వచ్చిన పెట్టె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇంతకన్నా సంస్కారం ఎక్కడైనా ఉంటుందా?

ఇన్‌స్పెక్టర్ ట్రాలీ మీదికి వంగింది. "ఏమయ్యా, నిజం చెప్పు. సిగరెట్ కాల్చావా?"

"నీ మీద ఒట్టే! కాంటీన్ దాకా వెళ్లొచ్చానంతే."

"నా మీద ఒట్లెందుకు? ఇంటికి ఒక్క పేషెంటు చాలు."

పక్క టేబుల్ దగ్గర మిషన్‌ను చూసుకునే కంప్యూటరమ్మ కూర్చుని ఉంది. ఇన్‌స్పెక్టర్ అక్కడికి నడిచింది. "బస్సు ఆపితే మేం ఒక్కొక్కరినే అడుగుతాం తల్లీ. నువ్వూ ఒక్కొక్కటే మార్చి చూడు."

షుగరు తగ్గించి చూశారు. కదల్లేదు. కిడ్నీలు కడిగిన ముత్యాల్లా పెట్టారు. ఒక్క పాయింటు దిగింది. యాభై ఎనిమిదేళ్ల మనిషిని ఇరవైకి దించారు. ముప్పై తొమ్మిది!

"కుర్రాణ్ణి చేసినా చంపేదాకా వదిలేట్టు లేదే," అన్నాడు డ్రైవర్ ట్రాలీ మీంచి.

"ఇంకేం మిగిలింది?"

"మంచం నంబరొక్కటే ఆంటీ. అది ఊరికే ఉంటుంది."

"ఊరికే కూర్చున్నవాడి టికెట్టే నేను ముందు చూస్తాను. మార్చు."

ఒకటి తీసి పద్నాలుగు కొట్టింది. తెర పచ్చబడింది. ఆరు!

ట్రాలీ పట్టుకున్న సిస్టర్ నెమ్మదిగా గొంతు విప్పింది. "నిన్న సాయంత్రం మంచం మార్చింది నేనే. పద్నాలుగులో ఉంటే కాంటీన్‌కి పారిపోతున్నాడని నా టేబుల్ ఎదురుగా, ఒకటో మంచం మీద వేయించాను."

"మామూలుగా ఆ మంచం ఎవరికిస్తారమ్మా?"

"బాగా సీరియస్‌గా ఉన్నవాళ్లకి. కుర్చీలోంచి లేవకుండానే వాళ్ల ఊపిరి కనిపెట్టొచ్చు."

అర్థమైందిగా? ప్రాణం మీదికొచ్చిన వాళ్లందరినీ సిస్టర్ తన కళ్లెదుటే పెట్టుకుంది. కొందరిని దక్కించుకుంది, కొందరు దక్కలేదు. మిషన్ లెక్క చూసింది: ఎక్కువమంది ఎక్కడ పోతున్నారు? ఒకటో నంబరు మంచం మీద! అయితే మంచమే హంతకుడు! గొడుగులు తెరిచిన చోటల్లా వాన పడుతోంది కాబట్టి, వానకు కారణం గొడుగులే అన్నట్టు. ఎంత పదునైన బుర్ర!

కంప్యూటర్లో డ్రైవర్ పద్నాలుగో మంచానికి మారాడు. పచ్చ లైటు వెలిగింది. తలుపు తెరుచుకుంది. అయిదు గంటల తర్వాత మూడు నాళాలకూ కొత్త దారులు పడ్డాయి. మనిషి కళ్లు తెరిచి, కాంటీన్ ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందని అడిగాడు.

ఇంతటితో వదిలేస్తే అది గొప్ప ఆసుపత్రి ఎలా అవుతుంది? కమిటీ వేశారు. వారం తిరక్కుండా దోషిని పట్టేశారు. ఒకటో నంబరు మంచాన్ని వార్డులోంచి తొలగించాలి! సీరియస్ కేసులు ఇకమీదట వార్డు చివర, కిటికీ పక్కన, సిస్టర్ చూపు ఆనని పద్నాలుగో మంచం మీద. అక్కడ ఇంతవరకు ఒక్కరూ పోలేదు కదా!

కాగితం సిద్ధం చేసి, సాక్షి సంతకం కోసం ఇన్‌స్పెక్టర్‌ను పిలిచారు. కమిటీకి అధ్యక్షులు పెద్ద డాక్టరుగారే. ఆవిడ మొదటినుంచి చివరిదాకా చదివి, కాగితం వెనక్కి జరిపింది.

"ఈ మంచం తీసేస్తే రేపొచ్చేవాడి ఊపిరి ఎవరు చూస్తారు? తప్పుడు కేసు మీద నేను సంతకం పెట్టను."

"అయితే దోషి ఎవరంటారు?" అన్నారు ఆయన, ల్యాప్‌టాప్‌లోకి చూస్తూ.

ఆవిడ లేచి, ఆయన తలెత్తేదాకా ఎదురుగా నిలబడింది. విసుగొచ్చి డాక్టరుగారు తలెత్తారు. మొగుణ్ణి ఆసుపత్రిలో చేర్చిన ఈ పన్నెండు రోజుల్లో ఆయన ఆవిడ ముఖం చూడడం అదే మొదటిసారి.

"మీరే, డాక్టరుగారూ."