ఫినిష్ లైన్ దగ్గర శాలువా

రాబోయే అయిదేళ్లలో మన రాష్ట్రాన్ని మంచు క్రీడల ప్రపంచ రాజధానిగా తీర్చిదిద్దుతామని క్రీడాశాఖ మంత్రి కేశవరావుగారు ప్రకటించిన రోజున వడగాలులకు బడులు మూసేశారు. మరి మంచు ఎక్కణ్నుంచి వస్తుందని ఒక విలేకరి అడిగాడు. మంత్రిగారు తడుముకోలేదు. హిమాలయాలు ఉత్తరాది వాళ్ల సొత్తు కాదనీ, మంచులో మన న్యాయమైన వాటా కోసం కేంద్రంతో పోరాటంలో ఎంతదూరమైనా వెళ్తామనీ చెప్పారు. ఈలోగా అధ్యయనం కోసం తానే స్వయంగా అమెరికా వెళ్లి, మహిళల స్లాలమ్ ప్రపంచ కప్ పోటీ చూసి వస్తానన్నారు. ప్రజల కోసం ఎండకు ఓర్చే నాయకులు చాలామంది ఉన్నారు. చలికి ఓర్చే నాయకుణ్ని రాష్ట్రం అప్పుడే చూసింది.

ఆ వార్త నార్త్ కరోలినాలోని క్యారీకి చేరగానే శ్యామ్‌సుందర్‌కు కాళ్లు నేలమీద ఆగలేదు. అక్కడి తెలుగు సంఘంలో అతిథుల కమిటీ అంటే ఆయనే. ఎయిర్‌పోర్టుకు కారు, ఇడ్లీ మెత్తదనం, మైకు ఎత్తు, శాలువా మడత, అన్నీ ఆయన చేతిమీదుగా జరగాల్సిందే. ప్రసంగం సాగి సాగి హాలు తాళం వేసేవాడు గుమ్మంలోకొచ్చి నిలబడ్డా, వేదిక మీదికి చీటీ పంపిన పాపాన ఆయన ఏనాడూ పోలేదు. చీఫ్ గెస్ట్‌ను మధ్యలో ఆపడమంటే తాళి కడుతున్న పెళ్లికొడుకు చెయ్యి పట్టుకోవడమేనని ఆయన నమ్మకం. పైగా మంత్రిగారు చూడబోయే పోటీలో దిగుతున్నది శ్యామ్‌సుందర్ కూతురు అదితి.

అదితి క్యారీలోనే పుట్టింది. అక్కడ అర అంగుళం మంచు పడితే ఊరంతా సెలవు. అలాంటి ఊరి పిల్ల చిన్నప్పుడు సెలవులకు మంచుకొండలున్న వెర్మాంట్ వెళ్లి కొండెక్కి, ఇక కిందికి రానని మొండికేసింది. ఆ మొండితనమే ఆమెను అమెరికా టీమ్ దాకా తెచ్చింది. కాళ్లకు స్కీ పలకలు కట్టుకుని, కొండవాలున పాతిన ఎరుపు, నీలం కర్రల మధ్య వంకర్లు తిరుగుతూ, ఒక్క వంకరా తప్పకుండా జారుకుంటూ దిగాలి. అదే స్లాలమ్. రెండుసార్లు దిగితే రెండు టైములూ కలుపుతారు. ఈ పోటీలో మొదటి పదిహేనుమందిలో రాకపోతే టీమ్‌లో చోటు వేరే అమ్మాయికి వెళ్లిపోతుందని కోచ్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. అదితి తల్లి వసుమతి ఆ వారం ఏ దేవుణ్నీ ప్రశాంతంగా ఉండనివ్వలేదు.

శ్యామ్‌సుందర్‌కూ ఆ బెంగ ఉంది. దాని పక్కనే ఇంకో బెంగ కూడా ఉంది. అమెరికాలో మంచు క్రీడల ప్రభుత్వ సలహాదారు అనే పదవి ఒకటి సృష్టిస్తున్నామనీ, యోగ్యుడైన తెలుగువాడు దొరకడం లేదనీ మంత్రిగారు ఫోన్‌లో వాపోయారు.

పోటీ వెర్మాంట్‌లోనే. మంత్రిగారు అద్దె కోటును తిరస్కరించి, లోపల నాలుగు స్వెట్టర్లు వేసుకుని, పైన ఎప్పటి తెల్ల ఖద్దరుతోనే వచ్చారు. మంచులో ఖద్దరు కలిసిపోవడంతో ఫొటోల్లో మీసమూ కండువా మాత్రమే పడ్డాయని పి.ఎ. పరంధామయ్య బాధపడ్డాడు. ఫినిష్ లైన్ దగ్గరికి వెళ్లడానికి అదితి అమ్మానాన్నలకు రెండు పాస్‌లిచ్చింది. ఒకటి శ్యామ్‌సుందర్ మెడలో పడింది. ‘మదర్’ అని రాసి ఉన్న రెండోది మంత్రిగారి మెడలో పడింది. గేటు దగ్గర గార్డు పాస్‌నూ మీసాన్నీ రెండుసార్లు చూశాడు. కానీ అమెరికావాడు, ఇలాంటి విషయాల్లో ఎవరినీ నొప్పించడు.

"కన్నదాన్ని నేను కంచె బయట నిలబడాలా?" అంది వసుమతి.

"మంత్రిగారిని నిలబెడితే బాగుంటుందా?" అన్నాడు శ్యామ్‌సుందర్. ఆమె పరంధామయ్యతో పాటు కంచె బయటే ఉండిపోయింది.

మొదటిసారి దిగినప్పుడు అదితిది ముప్ఫయ్యో స్థానం. రెండోసారి దిగే అర్హత ముప్ఫైమందికే ఉంటుంది కాబట్టి వెంట్రుకవాసిలో గట్టెక్కింది. రెండోసారి వరస తిరగబడుతుందనీ, ముప్ఫయ్యో అమ్మాయే ముందు దిగుతుందనీ శ్యామ్‌సుందర్ వివరించాడు. వెనకబడినవారికి ముందు అవకాశమన్నది తమ మేనిఫెస్టోలోదేనని మంత్రిగారు గుర్తుపట్టారు. అయితే ఇన్ని వంకర్లెందుకు, సూటిగా వస్తే తొందరగా రావచ్చు కదా అన్నారు. సూటిగా వస్తే పోటీ నుంచి తీసేస్తారని తెలిశాక, మూడు పార్టీల మీదుగా మంత్రి పదవికి చేరుకున్న ఆ మహానుభావుడికి ఈ ఆట మీద గౌరవం పెరిగింది.

అదితి దిగింది. కర్రలు టపటపా వాలుతున్నాయి, లేస్తున్నాయి. ఆ కాస్సేపూ శ్యామ్‌సుందర్ మంత్రిగారిని మరిచిపోయాడు, సలహాదారు పదవిని మరిచిపోయాడు, ఊపిరి తీసుకోవడం కూడా మరిచిపోయాడు. తన పిల్ల ఇంత అందంగా దిగుతుందని ఆయనకు అంతకుముందు నిజంగా తెలియదు. ఆమె గీత దాటగానే కంచె బయట వసుమతి పరంధామయ్యను కావలించుకుని, అదెవరో గమనించి వదిలేసింది.

ముందు దిగింది గనుక, తర్వాతివాళ్లు వచ్చేదాకా బోర్డు మీద మొదటి పేరు ఆమెదే. అలా మొదట ఉన్నవాళ్లు కూర్చోవడానికి కెమెరాల ముందు ఒక కుర్చీ వేశారు. లీడర్ వచ్చి కూర్చోవలసిందని మైకులో పిలిచారు. కేశవరావుగారు వెళ్లి కూర్చున్నారు.

శ్యామ్‌సుందర్ శాలువా విప్పాడు. మంత్రిగారు దాన్ని అదితి హెల్మెట్ మీదుగా కప్పి, ఈ బిడ్డ విజయం తమ ప్రభుత్వ విధానాల ఫలితమని కూర్చునే ప్రసంగం అందుకున్నారు. రెండో అమ్మాయి పడిపోయింది. మూడో అమ్మాయి అదితి కన్నా వెనకబడింది. చాలాసేపటికి స్వీడన్ అమ్మాయి ఒకతె ఆమెను దాటి లీడరై వచ్చి చూస్తే కుర్చీ ఖాళీ లేదు. మంత్రిగారు ఆమెను ఆశీర్వదించారు గానీ లేవలేదు. తర్వాత వచ్చిన ఆస్ట్రియా అమ్మాయినీ ఆశీర్వదించారు. జనం నవ్వుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు. తెలుగు తెలియకపోయినా ప్రసంగానికి ఇంత స్పందన రావడం చూసి మంత్రిగారికి ఉత్సాహం రెట్టింపయింది.

అప్పుడొచ్చింది తనిఖీ అధికారిణి. స్కీలూ బూట్లూ నిబంధన ప్రకారం ఉన్నాయో లేదో కొలవాలి, అదితి వెంటనే గుడారానికి రావాలి, రాకపోతే ఫలితం చెల్లదు అని చెప్పింది.

"నాన్నా, నేను ఇప్పుడే వెళ్లాలి. ఇట్స్ నాట్ ఆప్షనల్," అంది అదితి.

"వెళ్దువుగాని తల్లీ, ఆయన ముగింపుకొచ్చేశారు. ‘చివరగా ఒక్కమాట’ అన్నారు, విన్నావు కదా."

తెలుగు సభల్లో ‘చివరగా ఒక్కమాట’ అంటే ప్రసంగం సగానికొచ్చిందని అర్థం. ఆ సంగతి అదితికి తెలియదు, శ్యామ్‌సుందర్‌కు తెలుసు. అయినా ఆయన అధికారిణి వైపు తిరిగి, చీఫ్ గెస్ట్ మాట్లాడుతున్నారనీ, మధ్యలో లేవడం మర్యాద కాదనీ, పిల్లను తీసుకొచ్చే బాధ్యత తనదనీ చక్కటి ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ వాచీ చూసుకుని వెళ్లిపోయింది. అదితి కదలబోయింది. శాలువా కొస తండ్రి చేతిలో ఉంది.

పైనుంచి వస్తున్నవాళ్లలో కొందరు పడ్డారు, కొందరు వంకర తప్పారు. ఆఖరి అమ్మాయి దిగేసరికి అదితి పేరు పద్నాలుగో చోట నిలిచింది. వసుమతి కంచె అవతల ఏడుస్తూ నవ్వింది. మంత్రిగారు ప్రసంగం ముగించి, గెలిచిన అమ్మాయి దేశపు జాతీయగీతానికి లేచి నిలబడ్డారు. అదితి శాలువాతోనే గుడారానికి పరుగెత్తింది. ఆమె వెళ్లేసరికి కొలిచేవాళ్లు సామాను సర్దేసుకున్నారు. కాసేపటికి బోర్డు మీద పద్నాలుగో చోటికి పదిహేనో పేరు జరిగింది. అదితి పేరు ఎక్కడా లేదు. శ్యామ్‌సుందర్ బోర్డును పైనుంచి కిందికి మళ్లీ చదివాడు. వసుమతి ఆయన వైపు చూడలేదు.

మంత్రిగారు ఊరుకునే మనిషి కాదు. తెలుగు బిడ్డపై అంతర్జాతీయ కుట్ర జరిగిందని పార్కింగ్ లాట్ నుంచే ప్రకటించారు. ఆమెను తనిఖీకి వెళ్లనీయకుండా అడ్డుకున్న శక్తులెవరో తేల్చడానికి ఏకసభ్య కమిషన్ వేశారు. అన్నీ దగ్గరుండి చూసిన నిష్పాక్షికుడు, అనుభవజ్ఞుడు అని శ్యామ్‌సుందర్‌ను కేబినెట్ హోదాతో కమిషన్ చైర్మన్‌గా నియమించారు. క్యారీలో అభినందన సభ జరిగింది. దానికి శాలువాలు వేరేవాళ్లు మడిచారు.

టీమ్‌లో చోటు వేరే అమ్మాయికి వెళ్లింది. స్కీలు గరాజ్‌లోకి వెళ్లాయి. నెల తిరక్కుండా కమిషన్ తొలి విచారణ శ్యామ్‌సుందర్ ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర మొదలైంది. మొదటి సాక్షి అదితి. చైర్మన్‌గారు కళ్లజోడు సర్దుకున్నారు.

"ఆ రోజు మిమ్మల్ని వెళ్లనివ్వకుండా ఆపింది ఎవరు?"

అదితి తండ్రి ముఖంలోకి చూసింది. వసుమతి వంటగదిలో పంపు కట్టేసి వింటోంది.

"నాన్నా, మీకు తెలుసు కదా," అంది అదితి నెమ్మదిగా.

చైర్మన్‌గారు కలానికి మూత పెట్టేశారు. తర్వాత, వ్యవహారం సంక్లిష్టంగా ఉందనీ, లోతుగా పరిశోధించాల్సి ఉందనీ ప్రభుత్వానికి నివేదించారు. కమిషన్ గడువును ప్రభుత్వం మరో ఏడాది పొడిగించింది.