ఇరవై తొమ్మిది డిగ్రీల హాస్టల్

ఏప్రిల్ రెండో తారీఖున మంత్రిగారు ఎండాకాలాన్ని రద్దు చేశారు. గురజాల శివారులోని ఒక బాలికల హాస్టల్ ముందు, షామియానా కింద, రెండు కూలర్ల మధ్య నిలబడి ఆ మాట ప్రకటించారు. పైకప్పు మీద నీళ్లు చల్లితే అవి ఆవిరవుతూ స్లాబులోని వేడిని లాక్కుపోతాయట. కింద గదులు చల్లబడతాయట. ఇదంతా కంప్యూటర్లో ముందే రుజువైందట.

వార్డెన్ దయామణికి సంతోషం వేసింది. పై గదుల్లో పిల్లలు నేల మీద తడిగుడ్డలు పరుచుకుని పడుకుంటున్నారు మరి.

కన్సల్టెంట్ ఇంజినీరు శ్రీకాంత్ ల్యాప్‌టాప్‌లో హాస్టల్ బొమ్మ చూపించాడు. ఎర్రగా ఉన్న పైకప్పు ఒక్క మీట నొక్కగానే నీలంగా మారింది.

"గదిలో నలభై మూడు డిగ్రీలు ఇరవై తొమ్మిదికి దిగుతాయి మేడమ్."

"నీళ్లు ఏడనుంచి వస్తాయి బాబూ? మాకు మూడు రోజులకొక ట్యాంకరు. తాగడానికే చాలట్లా."

"మోడల్లో ఇరవై నాలుగ్గంటలూ సప్లై ఇచ్చాం."

"మోడల్లో సరే. ట్యాంకులో?"

"అది వేరే డిపార్ట్‌మెంట్ మేడమ్."

పైకప్పు మీదికి పైపులు వచ్చాయి. నీళ్లు రాలేదు. వారం తర్వాత జరిగిన సమీక్షలో ఫలితం సరిగ్గా ఇరవై తొమ్మిదే తేలింది. మళ్లీ మోడల్‌నే అడిగారు కాబట్టి తేడా రాలేదు. అంత చల్లని భవనానికి ఫ్యాన్లు దుబారా అని పై గదులవి విప్పుకెళ్లారు. దయామణి గోడ మీది థర్మామీటరును ఫొటో తీసి పంపింది. నలభై రెండు. థర్మామీటరు మార్చుకోమని జవాబు వచ్చింది.

ఇరవయ్యో తారీఖున తొమ్మిదో తరగతి నాగమల్లేశ్వరి మెట్ల మీద స్పృహ తప్పి పడిపోయింది. దయామణి ఆ పిల్లను ఆటోలో ఒళ్లో పెట్టుకుని, తడి పైటతో మొహం తుడుస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లింది. వడదెబ్బ అన్నాడు డాక్టరు. సాయంత్రానికి పిల్ల కళ్లు తెరిచింది. అప్పటిదాకా దయామణి కుర్చీలో కూర్చోలేదు.

జిల్లా అధికారి అమరేశ్వరరావు ఫోన్ చేశాడు.

"వడదెబ్బని రిపోర్టు పంపితే ఎట్లమ్మా? ఇరవై తొమ్మిదిలో వడదెబ్బ ఎవరికి తగిలిద్ది? పిల్ల వణికిందా?"

"వణికింది సార్."

"చలి అని రాయి."

"పిల్ల చచ్చిపోయేది సార్. నేను రాయను."

ఆవిడ రాయలేదు. ఆఫీసువాళ్లే రాసుకున్నారు.

నాలుగు రోజులకు లారీ వచ్చింది. డ్రైవరు మహబూబ్ చొక్కా విప్పి చెమట తుడుచుకుంటూ నూట ఇరవై రగ్గులు దించాడు.

"ఈడ చలి చానా ఎక్కువంటగా అక్కా?"

"వెనక్కి తీసుకుపో తమ్ముడూ."

"కుదరదక్కా. దారి ఇవ్వాల. వెనకాల స్వెట్టర్ల లారీ వస్తా ఉంది."