మిషను మొహాన బొట్టు

ఆ రోజు ఎవరి కంటా పడకుండా పని చేసుకుని, నాలుగింటికల్లా ఇంటికి చేరుకోవాలన్నది రాజేశ్వరి పథకం. చంటివాడికి మూడు రోజులుగా దగ్గు. నిద్ర లేక ఆమె కళ్ళలో ఇసుక పోసినట్టుంది. నల్లపాడు దగ్గరి బట్టల మిల్లులో, లైట్ల బల్ల మీదుగా సాగే తెల్ల గుడ్డలో మచ్చలూ చిరుగులూ ఆ కళ్ళతోనే వెతకాలి. అదీ ఎన్నాళ్ళో తెలియదు. ఆ పని చేసే కంప్యూటర్ మిషను వచ్చేసింది. అది సరిగ్గా నడిస్తే చెకింగ్ ఆడవాళ్ళు నలుగురూ ఒకటో తారీఖు నుంచి రానక్కర్లేదని ఓనరు బుల్లయ్యగారు ముందే చెప్పేశారు.

గేటు దాటగానే సూపర్‌వైజర్ యలమంద ఎదురయ్యాడు. పథకం అక్కడికే సరి.

"రాజేశ్వరమ్మా, మంచిదానివి దొరికావు. కొత్త మిషనుకి కాస్త బొట్టు పెట్టమ్మా."

తన కూడు తీసే మిషనుకు తనే బొట్టు పెట్టాలి. అయినా బొట్టు లేకుండా ఏ మిషను మాత్రం తిరుగుతుంది? కుంకుమ తడుపుకొని చుట్టూ తిరిగి చూసింది. ఎటు చూసినా రేకే. మొహంలాంటిది ఒక్కటే కనిపించింది, నల్లటి గొట్టం చివర గుండ్రటి అద్దం. దాని మీద చిన్న బొట్టు పెట్టి, "పిల్లలవాళ్ళం, చల్లగా చూడు" అని దణ్ణం పెట్టుకుంది.

పది గంటలకు బుల్లయ్యగారు కొబ్బరికాయ కొట్టారు. హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు చైతన్యకృష్ణ మీట నొక్కాడు. తెర మీద మొదటి మీటరులో ఎర్ర మచ్చ. రెండో మీటరులో ఎర్ర మచ్చ. వంద మీటర్ల తానులో వంద మచ్చలు. బుల్లయ్యగారు బ్లీచింగ్ మేస్త్రీని పిలిపించారు.

"ఏమయ్యా గౌస్ బాషా! గుడ్డకి బ్లీచింగ్ చేశావా, వసంతాలాడావా?"

"నా తప్పేం లేదండీ. ఆ గుడ్డ మిరపకాయలు తోలిన లారీలో వచ్చింది."

"ఎవడిదయ్యా ఆ లారీ?"

"తమరిదేనండీ."

బుల్లయ్యగారు ఆ కోపం కూడా బాషా మీదే చూపించారు. లారీ కడిగించారు. అరవై తానులూ మళ్ళీ బ్లీచింగుకు పంపించారు. రాజేశ్వరి మోస్తున్న తానును ఎండలో విప్పి చూసింది. మల్లెపువ్వులా ఉంది.

"యలమందగారూ, ఇందులో మచ్చల్లేవండీ."

"నువ్వు నిద్రమొహంతో చూస్తే ఏం కనపడుద్ది? కంప్యూటరుకి నిద్ర రాదమ్మా."

మూడింటికి ఉతికిన తాను ఎక్కించారు. వందకు వంద. బుల్లయ్యగారు ఒళ్ళు మండి భుజం మీది కండువా తీసి మిషను మీద పరిచారు. "ఇది పొద్దున మడత విప్పింది. దీంట్లో చూపించమను!"

చూపించింది. రెండో రకం సరుకని చీటీ కూడా ఇచ్చింది.

"బాషా, తాళాలిచ్చి వెళ్ళిపో. నా కండువా కూడా పాడుచేశావు."

అప్పుడు చూసింది రాజేశ్వరి తెర వంక. కండువా మీదా అదే మచ్చ, అదే చోట, సరిగ్గా తన ఉంగరం వేలంత. నోరు మూసుకుంటే మిషను వెనక్కి పోతుంది, ఉద్యోగం మిగులుతుంది. కానీ బాషా నడుముకున్న తాళాలు తీస్తున్నాడు.

"మచ్చ కాదండీ. నేను పెట్టిన బొట్టండీ."

చైతన్యకృష్ణ వంగి చూసి, రుమాలుతో కెమెరా అద్దం తుడిచాడు. కండువా మొదటి రకమైంది. మిషను నిక్షేపంలా ఉంది. ఇక తన పని అయిపోయిందనుకుంది రాజేశ్వరి.

"గుడ్డలో మచ్చల్లేవని ఈ చెల్లెమ్మ పొద్దుననగా మొత్తుకుంది సార్," అన్నాడు బాషా. "విన్నదెవరు?"

బుల్లయ్యగారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "నా కండువానే రెండో రకమంటుందా! దీన్నొక్కదాన్నే నమ్మేది లేదు. ముందు మీ నలుగురూ చూడండి, తర్వాత మిషను చూస్తుంది. తేడా వస్తే మళ్ళీ మీరే చూడండి."

అలా ఉద్యోగం నిలిచింది, పని రెండింతలైంది. ఆ రోజు ఆమె ఇంటికి చేరేసరికి ఏడు దాటింది.

మర్నాడు పొద్దున్నే రాజేశ్వరి మళ్ళీ కుంకుమ తడిపి మిషనుకు బొట్టు పెట్టింది, ఈసారి వీపున.